ఎలుక కోలుకున్న మాట నిజమే

తిరుపతిలో ఒక ఆస్పత్రి ఐసీయూ బయట, చెప్పులు విడిచే చోటు పక్కనున్న సిమెంటు అరుగు మీద కూర్చుని, వరసకు తమ్ముడయ్యే మనిషి నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచుకున్న కరపత్రం. చెమటకు అంచులు మెత్తబడిపోయాయి. వాళ్లది పెనుమూరు దగ్గర పల్లె, పాలు పోసి బతికే ఇల్లు. అంతకు మూడు రాత్రుల ముందు పెద్దకొడుకు బైకు మీద నుంచి పడ్డాడు. తలకు హెల్మెట్ లేదు. చిత్తూరులో స్కాను తీసి, మెదడు మీద రక్తం గడ్డకట్టిందని చెప్పి తిరుపతికి పంపారు. ఆపరేషన్ అయింది. పిల్లాడు కళ్లు తెరవలేదు.

"అన్నా, ఇది చదివినావా? మన ఆవులు ఎదకు రాకపోతే పెడతారే, ఆ మందేనంట. తలకాయ పగిలిన ఎలకలకు ఏస్తే లేచి నడిచినాయంట. ఈడ డాక్టర్లు ఏయరంట, మనమే బయట తెచ్చుకోవాలంట. రెండావులు అమ్మేస్తే సరిపోతాది. నువ్వేమంటావు?"

నేను ముప్పై ఏళ్లు శరీరధర్మశాస్త్రం పాఠం చెప్పినవాణ్ని. ఆ అరుగు మీద ఐదు నిమిషాల్లో తడబడుతూ చెప్పిన జవాబును ఇక్కడ తీరిగ్గా, పూర్తిగా రాస్తున్నాను. ఆ కాగితం ఆ ఒక్క ఇంటికే వచ్చింది కాదు. అలాంటి మాటలే ఆ మధ్య ఊళ్లో ఒక సభలో మైకు ముందు కూడా విన్నాను. అప్పుడు లేచి అడ్డుచెప్పలేదు. ఆ తప్పు నాది.

కరపత్రం చెప్పేది ఇది. తలకు బలమైన దెబ్బ తగిలినప్పుడు ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ ఇంజక్షన్ ఇస్తే మెదడు వాపు తగ్గి మనిషి కోలుకుంటాడు. జంతువుల మీద పరిశోధనల్లో ఇది రుజువైంది. పాత మందు, పేటెంటు లేని మందు కాబట్టి లాభం రాదని కంపెనీలు తొక్కిపెట్టాయి. కింద మూడు ఉదాహరణలు: ఫలానా ఊరి మనిషి ఇంజక్షన్ వేయించుకున్న పదో రోజుకు లేచి కూర్చున్నాడు, ఇలా.

ఎలుకల గురించి రాసింది నిజం. దాన్ని దాటేసి వాదిస్తే నా వాదనకూ బలం ఉండదు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

డొనాల్డ్ స్టైన్ అని అమెరికాలో ఒక మెదడు శాస్త్రవేత్త. మెదడు దెబ్బతిన్న ఎలుకల్లో కొన్ని ఆడ ఎలుకలు మగవాటికంటే బాగా కోలుకోవడం ఆయన కంట్లో పడింది. ఎందుకని తవ్వుతూ పోతే, ఒంట్లో ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉన్న దశలో దెబ్బ తగిలిన ఆడ ఎలుకల మెదడు తక్కువగా వాచింది. 1993లో రాబిన్ రూఫ్, స్టైన్, వాళ్ల సహచరులు దీన్ని ప్రచురించారు. మరుసటి ఏడాది మగ ఎలుకలకు బయటి నుంచి అదే హార్మోన్ ఇచ్చి చూశారు. అవీ మెరుగయ్యాయి. నిక్కమైన పరిశోధన అది. ప్రొజెస్టిరాన్ ఆడవాళ్ల గర్భసంచికి సంబంధించిన పదార్థం మాత్రమే కాదు, మగవాళ్ల మెదడులోనూ తయారవుతుంది, నరాల కణాల మీద దానికి వేరే పని ఉంది అని లోకానికి నచ్చజెప్పిన పరిశోధన.

అయితే ఆ ప్రయోగం ఎలా జరుగుతుందో దగ్గరగా చూడాలి. ఎలుకను ముందు మత్తులో పెడతారు. తల మీది బొచ్చు గొరిగి, చర్మం కోసి, పుర్రె ఎముకలో చిన్న గుండ్రటి కిటికీ తెరుస్తారు. తలను లోహపు చట్రంలో కదలకుండా బిగిస్తారు. గాలి ఒత్తిడితో నడిచే సన్నటి కడ్డీ ఒకటి, ఇంత వేగంతో ఇన్ని మిల్లీమీటర్ల లోతుకు అని ముందే పెట్టిన కొలత ప్రకారం మెదడును గుద్ది వెనక్కి వస్తుంది. అన్ని ఎలుకలకూ ఒకే చోట, ఒకే లోతు. ఒకే జాతి, దాదాపు ఒకే వయసు, ఒకే తిండి. గంటకల్లా మొదటి మోతాదు, ఆరు గంటలకు రెండోది, ఆ తర్వాత రోజుకొకటి. కొన్నాళ్లయ్యాక తెల్లగా మారేలా రంగు కలిపిన నీళ్ల తొట్టిలో వదులుతారు. నీటి మట్టానికి కాస్త కింద కంటికి కనపడని చిన్న తిన్నె ఉంటుంది. ఎలుక ఈదుతూ దాన్ని వెతుక్కుని ఎక్కాలి. హార్మోన్ అందిన ఎలుకలు ఆ తిన్నెను తొందరగా కనిపెట్టాయి, మరునాడు గుర్తుపెట్టుకున్నాయి. "లేచి నడిచాయి" అని కరపత్రం రాసినదానికి అసలు రూపం ఇది.

ఇప్పుడు మా తమ్ముడి కొడుకును చూడండి. ఏ కొలతా లేని దెబ్బ. పడేటప్పుడు కడుపులో ఏముందో, గుంతలో ఎంతసేపు ఊపిరాడక పడున్నాడో ఎవరికీ తెలియదు. 108 వచ్చేసరికి కొంతసేపు, చిత్తూరులో స్కానుకు కొంతసేపు, తిరుపతి దారిలో ఇంకొంత. రక్తపోటు పడిపోయి ఉంటుంది. ఒక చోట రక్తం గడ్డ, ఇంకో చోట మెదడు నలిగిన మచ్చ, లోపల నరాల పోగులు చీలిన చోట్లు. ఎలుక మెదడు రెండు గ్రాముల బరువుండే నున్నటి ముద్ద. మనిషిది పదమూడు, పద్నాలుగు వందల గ్రాములు, పైన అంతా మడతలు. పక్క మంచంలో రంగంపేట పశువుల పండగలో ఎద్దు కొమ్ముకు కట్టిన పలక తగిలి పడినవాడు ఉండొచ్చు, దాని పక్కన బాత్రూములో జారిపడ్డ డెబ్బై ఏళ్ల చక్కెర రోగి ఉండొచ్చు. ముగ్గురి కేస్‌షీటు మీదా "హెడ్ ఇంజురీ" అనే ఉంటుంది. ఆ మూడు దెబ్బలూ ఒకటి కావు.

కాబట్టి ఎలుకల నుంచి నేరుగా ఐసీయూకు దూకకూడదు. మధ్యలో మనుషుల మీద పరీక్ష జరగాలి. జరిగింది కూడా. కరపత్రం దాచింది అక్కడే.

2007లో అట్లాంటాలో వంద మంది మీద తొలి పరీక్ష ఫలితాలు వచ్చాయి. 77 మందికి ప్రొజెస్టిరాన్, 23 మందికి ఉత్త ద్రావణం. ముప్పై రోజుల్లో చనిపోయినవాళ్లు హార్మోన్ గుంపులో 13 శాతం, రెండో గుంపులో 30 శాతం. మరుసటి ఏడాది చైనాలోని హాంగ్‌జౌలో 159 మంది మీద చేస్తే అక్కడా ఆశ కనిపించింది. ఇక్కడితో ఆగిపోతే మందు పనిచేస్తుందనే అనిపిస్తుంది. ఆ 30 శాతం అంటే ఎంతమంది? 23 మందిలో ఏడుగురు. వాళ్లలో ఇద్దరు ముగ్గురు బతికి ఉంటే కథే మారిపోయేది. ఇంత చిన్న లెక్క మీద లక్షల మందికి వైద్యం నిర్ణయించలేమని ఆ పరీక్ష చేసిన డాక్టర్లకే తెలుసు. అందుకే పెద్ద పరీక్షలకు వెళ్లారు. మందు పనిచేస్తుందని మనసారా నమ్మినవాళ్లే ఆ పెద్ద పరీక్షలు కోరారన్న సంగతి గుర్తుంచుకోవాలి.

రెండు పెద్ద పరీక్షలు దాదాపు ఒకే కాలంలో నడిచాయి. ప్రొటెక్ట్-3 అమెరికాలో 49 ఆస్పత్రుల్లో. దెబ్బ తగిలిన నాలుగు గంటల్లోపే మందు మొదలు, నాలుగు రోజులు రక్తనాళంలోకి ధారగా. 1,140 మందిని చేర్చాలనుకున్నారు. 882 మంది చేరేసరికి, ఇంకా కొనసాగించినా ప్రయోజనం తేలదని ఆపేశారు. ఆరు నెలల తర్వాత, దెబ్బ తీవ్రతను బట్టి పెట్టుకున్న కొలమానంలో బాగా కోలుకున్నవాళ్లు హార్మోన్ గుంపులో 51 శాతం, ఉత్త ద్రావణం గుంపులో 55.5 శాతం. సినాప్స్ అనే రెండో పరీక్ష 21 దేశాల్లో 1,195 మంది మీద, అందరూ లోతైన కోమాలో ఉన్నవాళ్లే. కోలుకున్నవాళ్లు హార్మోన్ గుంపులో 50.4 శాతం, రెండో గుంపులో 50.5 శాతం. చుక్క తర్వాతి అంకె తప్ప తేడా లేదు. రెండూ 2014 డిసెంబరులో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయ్యాయి. ఎవరైనా చదువుకోవచ్చు.

ప్రొటెక్ట్-3లో ఇంకో సంగతి బయటపడింది. మందు ఎక్కించిన నరం వాచి మంటపుట్టడం హార్మోన్ గుంపులో 17 శాతం మందిలో, రెండో గుంపులో ఆరు శాతం లోపు. ప్రొజెస్టిరాన్ నీళ్లలో కరిగే పదార్థం కాదు. ఆ పరీక్షల్లో దాన్ని రక్తనాళంలోకి పంపడానికి ప్రత్యేకంగా తయారుచేసుకున్నారు. గర్భం నిలవడానికి కండకు పొడిచే నూనె ఇంజక్షన్ వేరు. "బయట తెచ్చుకుంటే దొరుకుతుంది" అని రాసినవాళ్లు ఏ బుడ్డి గురించి రాశారో, దాన్ని ఐసీయూలో ఎవరు ఏ నరంలోకి ఎక్కించాలనుకున్నారో ఆలోచిస్తే నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇక తొక్కిపెట్టారన్న ఆరోపణ. అరుగు మీద మా తమ్ముడు ఎక్కువగా నమ్మింది దీన్నే. కంపెనీల మీద మన జనానికి కోపం ఉంది, ఊరికే పుట్టింది కాదు. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం చుట్టుపక్కల గిరిజన ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసిన తీరు, వాళ్ల తల్లిదండ్రుల అనుమతి తీసుకున్న తీరు పార్లమెంటు స్థాయీ సంఘం దాకా వెళ్లింది. ఆ గాయం ఉన్నచోట "కంపెనీలు దాచాయి" అన్న మాట తేలిగ్గా అంటుకుంటుంది. కానీ ఈ మందు విషయంలో జరిగింది దానికి పూర్తిగా ఎదురు. ప్రొటెక్ట్-3కి డబ్బు పెట్టింది అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థ. సినాప్స్ నడిపింది బీహెచ్ఆర్ ఫార్మా. అది ప్రొజెస్టిరాన్ మందులు అమ్ముకునే బెజాన్ సంస్థకు చెందిన కంపెనీ. మందు పనిచేస్తుందని తేలితే అందరికంటే ఎక్కువ లాభం వాళ్లకే. సొంత డబ్బు పోసి, తన సరుకు పనిచేయలేదని ప్రపంచానికి చెప్పుకున్న కంపెనీని పట్టుకుని, లాభం కోసం దాచిందనడం న్యాయం కాదు.

స్టైన్ మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. మోతాదు సరిగా ఎంచుకోలేదని, కోలుకోవడాన్ని కొలిచిన కొలబద్ద మరీ మొరటుదని ఆయన వాదన. అందులో పస ఉంది. ఆయన ప్రయోగశాలలోనే 2003లో తేలింది, ఎలుకల్లో కిలో బరువుకు 8, 16 మిల్లీగ్రాములు మేలు చేస్తే 32కు ఆ మేలు కనపడలేదని. ఎక్కువ ఇస్తే ఎక్కువ గుణం అనుకునే మందు కాదిది. సరైన మోతాదు మనిషిలో ఎంతో తేల్చకుండానే పెద్ద పరీక్షకు దిగారన్న విమర్శ నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ వాదన ఎటు తీసుకెళ్తుంది? మళ్లీ ప్రయోగశాలకు, మళ్లీ ఒక కొత్త పరీక్షకు. పెనుమూరు సంతకు ఆవుల్ని తోలడానికి కాదు.

మా పక్క పల్లెల్లో నేను కళ్లారా చూసిన ఇంకో అలవాటు గురించి కూడా ఇక్కడే చెప్పాలి. దానివల్ల జరిగే నష్టం ఈ కరపత్రం చేసేదానికంటే పెద్దది. తలకు దెబ్బ తగిలితే ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరకు పోవడం, ఆయన "వాపు దిగుతుంది" అని ఒక స్టెరాయిడ్ ఇంజక్షన్ పొడవడం, రేపు చూద్దామని ఇంటికి పంపడం. స్టెరాయిడ్ కూడా హార్మోనే. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథి తయారుచేసేదానికి మందు రూపం. 1960ల మొదట్లో మెదడు గడ్డలున్నవాళ్లకు డెక్సామెథసోన్ ఇస్తే గడ్డ చుట్టూ ఉన్న వాపు దిగి మనిషి తేరుకోవడం డాక్టర్లు చూశారు. ఈనాటికీ దానికి అది మంచి మందే. వాపు వాపే కదా అని దెబ్బ తగిలినవాళ్లకూ మొదలుపెట్టారు. జంతువుల ప్రయోగాలూ ఊతమిచ్చాయి. దశాబ్దాలపాటు ప్రపంచమంతటా ఇచ్చారు, చదువుకున్నవాళ్లే ఇచ్చారు.

చివరికి క్రాష్ అనే పరీక్ష పెట్టారు. 49 దేశాల్లో 239 ఆస్పత్రులు, 10,008 మంది రోగులు. సగం మందికి మిథైల్‌ప్రెడ్నిసొలోన్ పెద్ద మోతాదులో, సగం మందికి ఉత్త ద్రావణం. 2004లో ఫలితం వచ్చింది. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ గుంపులో 21.1 శాతం, రెండో గుంపులో 17.9 శాతం. మనుషుల లెక్కలో 1,052, 893. మందు ఊరికే పనిచేయకపోవడం కాదు, మనుషుల్ని చంపింది. ఆ పరీక్ష పెట్టకముందు ఎన్ని ఏళ్లు ఎంతమందికి ఇచ్చి ఉంటారో తలచుకుంటే గుండె చెరువవుతుంది. ఒక్కో డాక్టరూ తన రోగుల్లో కోలుకున్నవాళ్లనే గుర్తుపెట్టుకుని ఉంటాడు. ఒక వార్డులో నూటికి ముగ్గురు ఎక్కువగా పోతే ఎవరి కంటికీ ఆనదు. పదివేల మందిని రెండుగా విడదీస్తే తప్ప ఆ ముగ్గురు కనపడరు.

దెబ్బ తగిలిన మెదడుకు పెద్ద మోతాదు స్టెరాయిడ్ ఇవ్వకూడదని ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. పీలేరులోనూ పుంగనూరులోనూ ఆ సూది మాత్రం ఆగలేదు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, దాన్ని చెప్పకపోతే నేనూ సగం నిజం రాసినవాణ్నవుతాను. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు మెదడు అడుగున వేలాడే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినొచ్చు. అప్పుడు ఒంట్లో కార్టిసాల్, థైరాయిడ్ వంటి హార్మోన్లు పడిపోతాయి. నెలల తర్వాత కూడా నీరసం, మతిమరుపు, ఆడవాళ్లకు బహిష్టు ఆగిపోవడం కనిపిస్తాయి. రక్తపరీక్ష చేసి, తగ్గిన హార్మోన్‌ను తగ్గినంత మేర డాక్టరు తిరిగి ఇస్తాడు. అది లోటు పూడ్చడం. దెబ్బ మానడానికి హార్మోన్ గుమ్మరించడం వేరు. ఈ రెండూ కలిపేసి ఎవరైనా మాట్లాడితే నమ్మొద్దు, ఎవరైనా డాక్టరు రాసిచ్చిన మాత్రలు నా వ్యాసం చూసి మానొద్దు.

ఎదుటి పక్షం వాళ్లూ ఉన్నారు. చూశారా, ఎలుకల్లో పనిచేసింది మనుషుల్లో పనిచేయలేదు, కాబట్టి జంతువుల మీద ప్రయోగాలన్నీ దండగ, హింస, ఆపేయండి అనేవాళ్లు. వాళ్ల జాలిని నేను గౌరవిస్తాను. ప్రయోగశాలలో మత్తు దిగుతున్న ఎలుక వణకడం చూసినవాణ్ని, ఆ వణుకు ఇప్పటికీ అరచేతిలో గుర్తుంది. కానీ వాళ్ల ముగింపు కూడా తప్పే. ఎలుక అబద్ధం చెప్పలేదు. అడిగినంతవరకు జవాబు చెప్పింది. అడిగినవాళ్లు సరిగా అడిగారా అన్నది ప్రశ్న. 2008లో బ్రెయిన్ పత్రికలో ఈ ప్రొజెస్టిరాన్ జంతు ప్రయోగాలన్నిటినీ కలిపి తూచిన సమీక్ష వచ్చింది. మేలు కనిపిస్తోందంటూనే ప్రయోగాల నాణ్యత గురించి హెచ్చరించింది. ఏ ఎలుకకు మందు, ఏ ఎలుకకు ఉత్తది అన్నది చీటీ తీసి నిర్ణయించారా? తొట్టి పక్కన గడియారం పట్టుకున్న మనిషికి ఏది ఏ ఎలుకో తెలియకుండా ఉంచారా? కుర్ర ఎలుకలతోపాటు ముసలివాటినీ, మందు ఆలస్యంగా అందినవాటినీ తగినంతగా చూశారా? ఈ జాగ్రత్తలు లేకుండా చేసిన ప్రయోగంలోనే ఎలుక ప్రాణం దండగయ్యేది.

మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ప్రయోగశాలకు రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రతి ప్రయోగానికీ నైతిక సంఘం అనుమతి ఉండాలి. ఆ సంఘాల్లో కూర్చునేవాళ్లు పంజరం కొలతలతో ఆగకుండా, చీటీ తీశారా, కళ్లకు గంతలు కట్టారా అని కూడా అడగాలని నా కోరిక. తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది, వైద్య కళాశాలలున్నాయి, విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం ఉంది. ఈ ప్రశ్న ఇక్కడి పిల్లలకు మొదటి ఏడాదే నేర్పవచ్చు. నేను నా ముప్పై ఏళ్లలో నేర్పలేదు.

ఎదకు పెట్టే మందు సంగతి కూడా మా తమ్ముడికి అతని భాషలోనే చెప్పాను. ఆవు యోనిలో ఆ ప్రొజెస్టిరాన్ ఉన్న పరికరం వారం రోజులు పెట్టి తీసేస్తే ఎద వస్తుందని ఎలా తెలిసింది? ఆవుల్లోనే చూశారు, పెట్టిన ఆవుల్నీ పెట్టని ఆవుల్నీ పక్కపక్కన లెక్కపెట్టారు. మేకలో పనిచేసిందని ఆవుకు పెట్టేయలేదు. "ఆవుకైతే లెక్క చూస్తిరి, నా కొడుక్కి చూడనక్కర్లేదా అంటావు" అన్నాడు. అవును, అదే అన్నాను.

మరి చేయగలిగింది ఏముందని అడిగాడు. ఆ ఐసీయూలో జరుగుతున్నదే అని చెప్పాను. ఊపిరి, రక్తపోటు, ఆక్సిజన్ పడిపోకుండా చూడటం, తల వైపు మంచం ఎత్తి ఉంచడం, జ్వరం రాకుండా, మూర్ఛ రాకుండా కాపలా కాయడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం. వీటిలో ఒక్కటీ కరపత్రం వేయదగ్గ అద్భుతం కాదు. తొలి గంటల్లో రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది. క్రాష్-3 అనే పరీక్ష 2019లో దాన్ని 12 వేల మందికి పైగా మీద చూసింది. దెబ్బ మరీ తీవ్రంగా లేనివాళ్లకు మూడు గంటల్లోపు ఇస్తే మరణాలు తగ్గాయి. మూడు రాత్రులు గడిచాక దాంతో పనిలేదు. హెల్మెట్ తలకు దెబ్బ తగిలే ముప్పును 69 శాతం తగ్గిస్తుందని ప్రపంచమంతటి అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష చెబుతోంది. ఆ మాట ఆ అరుగు మీద అనలేదు. అనే సమయం కాదది.

ఆవుల్ని అమ్మలేదు. పిల్లాడు పదకొండో రోజు కళ్లు తెరిచాడు. ఇరవయ్యో రోజు వాళ్లమ్మను గుర్తుపట్టాడు. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు. కుడిచేయి ఇంకా పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, రోజూ పొద్దున రబ్బరు బంతి పిసుకుతూ పాలబిందెల పక్కన కూర్చుంటాడు. ఉత్త ద్రావణం ఎక్కించుకున్న అమెరికా రోగుల్లో సగానికి పైగా కోలుకున్నట్టే వీడూ కోలుకుంటున్నాడు. మూడో రోజు మేం ఆ బుడ్డీలు తెచ్చి పొడిపించి ఉంటే, ఆ కరపత్రం మలి అచ్చులో నాలుగో ఉదాహరణగా వీడి ఊరి పేరు ఉండేది.